నైట్‌విష్ ‘వన్స్’: పాట అదే, గొంతు వేరు. ఇది ఎలా కుదిరింది?

క్లుప్తంగా: ఫిన్లాండ్ బ్యాండ్ నైట్‌విష్ 2004లో తెచ్చిన ‘వన్స్’ ఆల్బమ్ సింఫనిక్ మెటల్‌ను, అంటే బరువైన ఎలక్ట్రిక్ గిటార్ల సంగీతంలో ఆర్కెస్ట్రాను కలిపే శైలిని, యూరప్ చార్టుల పైమెట్టుకు తీసుకెళ్లింది. నిజమైన ఆర్కెస్ట్రాను పాటకు పునాదిగా పెట్టడం ఇందులో అసలు మార్పు. దాంతో ఖర్చు పెరిగింది, టూర్ల ఒత్తిడి పెరిగింది, బ్యాండ్‌లో బరువంతా పాట రాసే మనిషి వైపు ఒరిగింది. ఆల్బమ్ వచ్చిన ఏడాదిన్నరలోపే గాయని బయటికి వెళ్లినా బ్యాండ్ ఎందుకు నిలబడిందో ఇక్కడి నుంచి చూస్తే తెలుస్తుంది.

యూట్యూబ్‌లో ‘ఘోస్ట్ లవ్ స్కోర్’ అని వెతికితే ముందు కనిపించేది చాలాసార్లు 2013 నాటి వాకెన్ మెటల్ సంగీత ఉత్సవం వీడియో. పాడుతున్నది ఫ్లోర్ యాన్సెన్, నెదర్లాండ్స్ గాయని. కాస్త కిందికి వెళ్తే అదే పాట 2005లో హెల్సింకీ స్టేజి మీద తార్యా టురునెన్ గొంతులో ఉంటుంది. మధ్య కాలంలో ఆనెట్ ఓల్జోన్ పాడిన కచేరీ వీడియోలూ దొరుకుతాయి. కొత్తగా వినేవాళ్లకు ఇక్కడే గందరగోళం. అసలు పాట ఎవరిది, ఆల్బమ్‌లో ఉన్నది ఎవరి గొంతు, ముగ్గురు గాయనులు మారినా వెనక వాయిద్యాలు అచ్చం అలాగే ఎందుకు వినిపిస్తున్నాయి? కామెంట్లలో జరిగే గొడవంతా ఏ గాయని గొప్ప అన్నదాని చుట్టూనే తిరుగుతుంది కాబట్టి ఈ చివరి ప్రశ్నను ఎవరూ పెద్దగా పట్టించుకోరు. నిజానికి జవాబు దాంట్లోనే ఉంది.

మొదటి రెండింటికీ జవాబు తేలికే. ఆ పాట 2004 జూన్‌లో విడుదలైన ‘వన్స్’ ఆల్బమ్‌లోది. రాసింది బ్యాండ్ కీబోర్డ్ వాయిద్యకారుడు టువోమస్ హోలోపాయినెన్, పాడింది తార్యా. బ్యాండ్‌తో ఆమె చేసిన ఐదో స్టూడియో ఆల్బమ్ అది, చివరిది కూడా.

కిటే నుంచి లండన్ దాకా

నైట్‌విష్ పుట్టింది 1996లో, ఫిన్లాండ్ తూర్పు అంచున రష్యా సరిహద్దుకు దగ్గరగా ఉన్న కిటే అనే చిన్న ఊళ్లో. హోలోపాయినెన్, గిటార్ వాయించే ఎంప్పు వువొరినెన్, తార్యా, ఈ ముగ్గురితో మొదలైంది. మొదట్లో అనుకున్నది మెటల్ కానే కాదు, అకూస్టిక్ గిటార్‌తో నెమ్మదైన పాటలు. కానీ తార్యా శాస్త్రీయ గాత్రం నేర్చుకుంటున్న మనిషి, సోప్రానో, అంటే ఆడగొంతుల్లో అన్నిటికంటే పైస్థాయి. ఆ గొంతు ముందు మెత్తని అకూస్టిక్ సంగీతం తేలిపోయింది, డ్రమ్స్, ఎలక్ట్రిక్ గిటార్లు తేవాల్సి వచ్చింది. అంటే ఈ బ్యాండ్ మెటల్ వైపు రావడానికి కారణమే ఆమె గొంతు. ఇది గుర్తు పెట్టుకోవాల్సిన సంగతి, ఎందుకంటే ఎనిమిదేళ్ల తర్వాత కథ తిరగబడింది.

ఇలాంటి బ్యాండ్ ఫిన్లాండ్‌లో పుట్టడం వెనక ఒక వ్యవస్థ ఉంది. అక్కడ 1960ల చివరి నుంచి సంగీత పాఠశాలలకు ప్రభుత్వం డబ్బు ఇస్తోంది, చిన్న ఊరి పిల్లలకు కూడా స్వరలిపి చదవడం, ఆర్కెస్ట్రా వాయిద్యం పట్టుకోవడం అందుబాటులో ఉంటుంది. హోలోపాయినెన్ కూడా పియానోతో పాటు క్లారినెట్ నేర్చుకున్నవాడే. హెల్సింకీలోని సంగీత విద్యాలయం సిబేలియస్ అకాడమీలో చదివిన నలుగురు చెల్లో కళాకారులు అపోకలిప్టికా పేరుతో 1996లో అమెరికన్ మెటల్ బ్యాండ్ మెటాలికా పాటలను చెల్లోల మీద వాయించి రికార్డు చేశారు. శాస్త్రీయ సంగీతానికీ మెటల్‌కూ మధ్య గోడ అక్కడ ముందునుంచీ పలచనే.

ఆర్కెస్ట్రాను, రాక్‌ను కలపడం నైట్‌విష్ కనిపెట్టింది కాదు. బ్రిటిష్ రాక్ బ్యాండ్ డీప్ పర్పుల్ 1969లోనే లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో రాయల్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో కలిసి వాయించింది. మెటాలికా 1999లో శాన్‌ఫ్రాన్సిస్కో సింఫనీతో కచేరీ చేసి ఆల్బమ్‌గా తెచ్చింది. స్వీడన్ బ్యాండ్ థేరియన్ 1996లో ‘థేలి’ ఆల్బమ్‌లో బృందగానాన్ని మెటల్ మధ్యలోకి తెచ్చింది, ఇటలీ బ్యాండ్ రాప్సోడీ 1998 నాటికి సినిమా నేపథ్య సంగీతాన్ని తలపించే పాటలు చేస్తోంది. అయితే మెటాలికా చేసింది ఎక్కువగా పాత పాటలకు తర్వాత ఆర్కెస్ట్రా అతికించడం. మిగతా చాలా బ్యాండ్లకు నిజమైన ఆర్కెస్ట్రా పెట్టుకునే స్తోమత లేక కీబోర్డ్ మీద స్ట్రింగ్స్ శబ్దం పెట్టుకుని సర్దుకునేవి.

నైట్‌విష్ కూడా ‘ఓషన్‌బార్న్’ (1998), ‘విష్‌మాస్టర్’ (2000) రోజుల్లో ప్రధానంగా కీబోర్డ్ మీదే నడిచింది. ‘సెంచురీ చైల్డ్’ (2002) కోసం మొదటిసారి తమ ప్రాంతంలోనే ఉన్న యోయెన్సూ నగర ఆర్కెస్ట్రాను తీసుకుంది. అదే ఆల్బమ్‌తో బాస్ గిటార్ వాయిస్తూ పాడే మార్కో హియెటలా కూడా వచ్చాడు. ‘వన్స్’కి వచ్చేసరికి ఆర్కెస్ట్రా, బృందగానం లండన్‌కు మారాయి. 11 పాటల్లో 9 పాటలకు ఆర్కెస్ట్రా ఉంది. వాటికి ఆర్కెస్ట్రేషన్ రాసింది పిప్ విలియమ్స్, స్టేటస్ క్వో, మూడీ బ్లూస్ లాంటి బ్రిటిష్ బ్యాండ్ల రికార్డులకు నిర్మాతగా పనిచేసిన అనుభవజ్ఞుడు.

డెమో నుంచి డిస్కు దాకా

బయటినుంచి చూస్తే బ్యాండు, ఆర్కెస్ట్రా ఒకే హాల్లో కూర్చుని కలిసి వాయించారనిపిస్తుంది. స్టూడియో ఆల్బమ్‌లో అలా జరగదు.

ముందు కంపోజర్ కీబోర్డ్ మీద పాట మొత్తం కట్టి డెమో చేస్తాడు. అందులో వయొలిన్లు, కొమ్ము వాయిద్యాలు, కోరస్ ఎక్కడెక్కడ రావాలో నమూనాగా ఉంటాయి. కీబోర్డ్ మీద పది వేళ్లతో నొక్కిన స్వరాలను అరవై, డెబ్బై మంది వాయించే భాగాలుగా విడగొట్టడం వేరే విద్య. ఏ వాయిద్యం ఏ స్థాయిలో బాగా పలుకుతుంది, ఊపిరి తీసుకోవడానికి ఊదేవాళ్లకు ఎక్కడ ఖాళీ ఇవ్వాలి, రెండు చెల్లోలు కలిసి వాయిస్తే వచ్చే మందం ఎంత, ఇవన్నీ లెక్క చూసి ప్రతి ఒక్కరికీ విడిగా స్వరలిపి రాయాలి. నైట్‌విష్‌లో ఆ పని పిప్ విలియమ్స్‌ది. సినిమా సంగీతం తెలిసిన తెలుగు శ్రోతలకు ఇది కొత్తేమీ కాదు. ట్యూన్ ఒకరిది, అరేంజ్‌మెంట్ ఇంకొకరిది కావడం మన దగ్గరా మామూలే. ఆర్కెస్ట్రాలో ప్రతి వాయిద్యానికీ స్వరలిపి తనే రాసుకునే ఇళయరాజా లాంటివాళ్లు అరుదు, ఆయన 2025 మార్చిలో లండన్‌లో రాయల్ ఫిల్‌హార్మోనిక్‌తో వినిపించిన సింఫనీ ఆ పద్ధతిలో పుట్టిందే. హోలోపాయినెన్ అలాంటి కంపోజర్ కాదు. కథ, రాగం, పాట ఆకారం ఆయనవి, ఆర్కెస్ట్రా భాషలోకి వాటిని తెచ్చేది మరొకరు. దీన్ని లోపంగా చూడక్కర్లేదు కానీ ‘వన్స్’ శబ్దంలో పిప్ విలియమ్స్ వాటా అభిమానులు అనుకునే దానికంటే ఎక్కువే.

తర్వాత డ్రమ్స్, గిటార్లు ఫిన్లాండ్‌లో ఎక్కుతాయి, ఆర్కెస్ట్రా లండన్‌లో ఎక్కుతుంది. రెంటినీ కలిపి ఉంచేది క్లిక్ ట్రాక్, అంటే చెవిలో టిక్ టిక్ మని తాళం వేసే యంత్ర శబ్దం. అందరూ ఆ టిక్‌కే వాయిస్తారు. లండన్ సెషన్ కళాకారులు సినిమాలకు ఇలా వాయించడంలో ఆరితేరినవాళ్లు, కాగితం ముందు పెడితే మొదటిసారే తప్పు లేకుండా వాయించేస్తారు. గంటల లెక్కన జీతం కాబట్టి ఆ వేగం లేకపోతే బడ్జెట్ నిలవదు. ఊళ్లో దొరికే ఆర్కెస్ట్రాను వదిలి అంత దూరం వెళ్లడంలో పేరు మోజు కొంత ఉండొచ్చు గానీ పనితనం లెక్కా ఉంది.

అసలు కష్టం మిక్సింగ్‌లో, అంటే విడివిడిగా రికార్డయిన శబ్దాలను కలిపి సరిచేసేటప్పుడు వస్తుంది. మెటల్ గిటార్‌కు డిస్టార్షన్ (శబ్దాన్ని కరకుగా చేసే ఎఫెక్ట్) పెట్టి, అదే రిఫ్‌ను (మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ పలుకును) రెండుసార్లో నాలుగుసార్లో వాయించి ఎడమ, కుడి వైపులకు పరుస్తారు. అలా చేసిన గిటార్ కింది స్థాయి నుంచి పైదాకా మధ్య భాగమంతా ఆక్రమిస్తుంది. చెల్లోలు, వయోలాలు, కొమ్ము వాయిద్యాలు, మనిషి గొంతు, అన్నీ పలికేది కూడా ఆ మధ్యలోనే. సంతలో ఒకే చోట నలుగురు ఒకే శృతిలో కేకలు వేసినట్టు ఏ మాటా తెలియకుండా పోతుంది. ఆ స్థలం పంచడానికి దారులు కొన్నే. గిటార్ రిఫ్‌ను తేలిక చేసి, తీగలను అరచేత్తో నొక్కి తెగ్గొట్టి వాయిస్తే మధ్యలో ఖాళీలు దొరుకుతాయి, వాటిలోంచి స్ట్రింగ్స్ వినిపిస్తాయి. వయొలిన్లను గిటార్ అందుకోలేనంత పైస్థాయిలో పెట్టొచ్చు. లేదంటే రెండూ ఒకేసారి వాయించకుండా వంతులు వేసుకోవచ్చు.

‘వన్స్’ ఈ మూడూ చేసింది. మొదటి పాట ‘డార్క్ చెస్ట్ ఆఫ్ వండర్స్’ వింటే తెలుస్తుంది, గిటార్, ఆర్కెస్ట్రా ఒకే తాళపు దెబ్బను కలిసి కొడతాయి తప్ప పోటీ పడవు. పాత ఆల్బమ్‌లలో గిటార్‌కీ కీబోర్డ్‌కీ మధ్య వేగంగా సాగే పోటీ సోలోలు ఇక్కడ బాగా తగ్గాయి. గిటార్ ప్రియులకు ఇది నష్టమే, ఎంప్పు వువొరినెన్ వేళ్ల పనితనం వినాలంటే ‘ఓషన్‌బార్న్’కే వెళ్లాలి. మిక్సింగ్ మిక్కో కార్మిలా, మాస్టరింగ్ మికా యుస్సిలా చేశారు. ఫిన్లాండ్ మెటల్ శబ్దం చాలావరకు ఈ ఇద్దరి చేతుల్లోంచి వచ్చిందే.

ఒకే ఆల్బమ్, రెండు మార్కెట్లు

ఇంత ఖర్చుపెట్టి చేసిన ఆల్బమ్ సంగీత పండితుల కోసమే అయితే మునిగిపోయేది. ‘వన్స్’ తెలివి ఏమిటంటే దాన్ని రెండు రకాల శ్రోతల కోసం కట్టారు. ‘నీమో’ చిన్న పియానో పలుకుతో మొదలై మధ్యస్థ వేగంలో, ఒకసారి వింటే నోటికొచ్చే పల్లవితో నడుస్తుంది. తార్యా కూడా ఇందులో ఒపేరా తరహా పైస్థాయిని పక్కనపెట్టి మామూలు గొంతుకు దగ్గరగా పాడుతుంది. ‘విష్ ఐ హ్యాడ్ యాన్ ఏంజెల్’లో దాదాపు డిస్కో బీట్ ఉంటుంది, మార్కో కరకు గొంతు, తార్యా గొంతు రెండూ వినిపిస్తాయి. ఈ రెండూ టీవీ, రేడియోల కోసం.

అప్పటి సమయం కూడా కలిసొచ్చింది. అమెరికన్ బ్యాండ్ ఎవనెసెన్స్ 2003లో ‘ఫాలెన్’ ఆల్బమ్‌తో, బరువైన గిటార్ల ముందు ఆడగొంతు అనే కలయికను ప్రపంచమంతా వినిపించింది. రెండు బ్యాండ్ల సంగీతానికీ నిజానికి పోలిక తక్కువ, కానీ టీవీ ఛానళ్లకు, రికార్డు షాపులకు అంత తేడా అక్కర్లేదు. ఆ దారి తెరుచుకుని ఉన్నప్పుడే ‘నీమో’ వచ్చింది. ‘వన్స్’ ఫిన్లాండ్‌తో పాటు జర్మనీలోనూ నంబర్ వన్ అయింది, అమెరికాలో రోడ్‌రన్నర్ సంస్థ ద్వారా విడుదలైంది. 2000లో యూరప్ దేశాల మధ్య జరిగే యూరోవిజన్ పాటల పోటీకి ఫిన్లాండ్ తరఫున వెళ్లాలని ప్రయత్నించి, ప్రజల ఓట్లలో గెలిచి కూడా జ్యూరీ లెక్కల్లో వెనకబడిన బ్యాండ్ ఇది. నాలుగేళ్లలో ఆ పోటీ అవసరమే లేకుండా పోయింది.

రెండో రకం పాటలు వేరే లోకం. ‘క్రీక్ మేరీస్ బ్లడ్’ ఎనిమిదిన్నర నిమిషాలు సాగుతుంది. అమెరికా మూలవాసుల మీద జరిగిన హింస అందులో విషయం, జాన్ టూ-హాక్స్ వేణువు వాయించాడు, చివర్లో వాళ్ల భాషల్లో ఒకటైన లకోటాలో మాటలు వినిపిస్తాయి. ‘కువొలెమా తేకే తైతెయిలియన్’ పూర్తిగా ఫిన్నిష్ భాషలో, మెటల్ లేకుండా, ఆర్కెస్ట్రాతోనే నడిచే పాట. చివరి పాట ‘హయర్ దన్ హోప్’ క్యాన్సర్‌తో చనిపోయిన ఒక స్నేహితుడి జ్ఞాపకంగా రాసింది. అన్నిటికంటే పెద్దది పది నిమిషాల ‘ఘోస్ట్ లవ్ స్కోర్’.

ఈ పాట నిర్మాణం చూస్తే ఆల్బమ్ పద్ధతి మొత్తం అర్థమవుతుంది. మొదట గొంతుతో పల్లవి, చరణం లాంటి మామూలు భాగం. ఆ తర్వాత బ్యాండ్ దాదాపు తప్పుకుంటుంది, ఆర్కెస్ట్రా, బృందగానం నిమిషాల తరబడి కథ నడిపిస్తాయి, సినిమాలో మాటల్లేని దృశ్యంలాగా. మళ్లీ గిటార్లు వచ్చి చివరి పల్లవి తిరిగి తిరిగి పైకి ఎగబాకుతుంది. ఒక రాక్ బ్యాండ్ తన పెద్ద పాటలో మధ్య భాగమంతా తను ఆగిపోయి వేరేవాళ్లకు అప్పగించడం చిన్న నిర్ణయం కాదు. గాయని కూడా అక్కడ నిలబడి ఎదురుచూడాల్సిందే.

కొలువు ఎవరిది?

ఆర్కెస్ట్రా ఖర్చు స్వభావం కాస్త వేరు. గాయకులు, వాయిద్యకారులు ప్రతి కచేరీకీ కావాలి, ప్రతి విమానం టికెట్టూ, ప్రతి హోటల్ గదీ ఖర్చే. ఆర్కెస్ట్రాకు డబ్బు ఒక్కసారే, రికార్డింగ్ రోజుల్లో. ఆ తర్వాత ఆ అరవై, డెబ్బై మంది శబ్దం కంప్యూటర్‌లో ఉంటుంది, బ్యాండ్‌తో పాటు ఊరూరా తిరుగుతుంది. స్టేజి మీద డ్రమ్మర్ చెవిలో క్లిక్ మోగుతుంటుంది, ఆర్కెస్ట్రా ట్రాక్ దానికి కట్టుబడి స్పీకర్లలోంచి వస్తుంది. దీన్ని మోసమని తిట్టేవాళ్లు ఉన్నారు. కానీ ప్రతి ఊళ్లో పూర్తి ఆర్కెస్ట్రాను పెడితే టికెట్ ధర ఎవరూ కొనలేనంత అవుతుంది, సింఫనిక్ మెటల్ బ్యాండ్లలో పెద్దవి కూడా రోజువారీ టూర్లలో ఇదే పద్ధతి పాటిస్తాయి.

దీనికి ఇంకో పర్యవసానం ఉంది. ట్రాక్ కదలదు. గాయని ఒక రోజు ఇంకో నాలుగు సెకన్లు స్వరం పట్టుకోవాలనుకున్నా, డ్రమ్మర్ కాస్త నెమ్మదిగా వాయించాలనుకున్నా కుదరదు. ‘వన్స్’ తర్వాత బ్యాండ్ శబ్దంలో పెద్ద భాగం శాశ్వతంగా స్థిరపడింది, దాని రూపకర్త హోలోపాయినెన్. పాటలు రాసేది ఆయనే, కథలు ఆయనవే, ఆర్కెస్ట్రా ఆయన ఊహకు రూపం. మిగతావాళ్లు ఆ నిర్మాణం లోపల తమ తమ చోట్లలో ఉంటారు. ఇది ఒకరి అహంకారం గురించి చెప్పే మాట కాదు, ఇంత ప్రణాళికతో చేసే సంగీతంలో అధికారం సహజంగానే ప్రణాళిక గీసేవాడి దగ్గరికి చేరుతుంది.

మరోవైపు బయటి ప్రపంచానికి బ్యాండ్ ముఖం మాత్రం తార్యానే. పోస్టర్ మీద మధ్యలో ఆమె, పత్రికల అట్టల మీద ఆమె. లోపల బరువు ఒకరి మీద, బయట వెలుగు మరొకరి మీద. ఆల్బమ్ ఎంత పెద్ద హిట్ అయితే ఈ దూరం అంత పెరిగింది, టూర్ 2004, 2005 అంతా సాగింది.

2005 అక్టోబర్ 21న హెల్సింకీ హార్ట్‌వాల్ అరీనాలో ఆ టూర్ చివరి కచేరీ అయింది. అది ముగిశాక మిగతా నలుగురూ సంతకం చేసిన ఉత్తరం తార్యా చేతికి ఇచ్చారు, దాన్నే బహిరంగంగా కూడా పెట్టారు. ఆమెకు డబ్బు, వ్యాపార విషయాలే ముఖ్యమయ్యాయని, దృక్పథం మారిందని అందులో ఆరోపించారు. ఆమె ఆ ఆరోపణలను తోసిపుచ్చింది, సొంత జీవితాన్ని బజారున పెట్టారని బాధపడింది. ఎవరి మాట ఎంత నిజమో బయటివాళ్లు తేల్చగలిగేది కాదు. విశ్లేషణకు పనికొచ్చేది ఒక్కటే, ఆల్బమ్ అంత పెద్ద హిట్ అయ్యాక దాని గొంతును తీసేయగల ధైర్యం బ్యాండ్‌కు ఎక్కడినుంచి వచ్చింది?

సమాధానంలో కొంత భాగం పైన చెప్పిన నిర్మాణంలోనే ఉంది. గుర్తింపు అంతా గొంతులోనే ఉన్న బ్యాండ్ ఈ పని చేయలేదు. 1998లో తార్యాను తీసేసి ఉంటే నైట్‌విష్ అక్కడితో ఆగిపోయేది, అప్పట్లో ఆ గొంతు తప్ప ఇతర బ్యాండ్ల నుంచి దాన్ని వేరుచేసేది పెద్దగా లేదు. 2005 నాటికి ఆర్కెస్ట్రా శబ్దం, పాట రాసే తీరు, మార్కో గొంతు కలిసి ఇంకో గుర్తింపును తయారుచేశాయి. ‘వన్స్’ లేకుండా ఆ ఉత్తరం రాసే పరిస్థితి వచ్చేది కాదన్నది గట్టిగా చెప్పదగ్గ మాటే.

గొంతు మారితే ఏం మారుతుంది

తర్వాతి ఆల్బమ్ ‘డార్క్ ప్యాషన్ ప్లే’ (2007) ఈ లెక్కను పరీక్షించింది. స్వీడన్ గాయని ఆనెట్ ఓల్జోన్ వచ్చింది, గొంతు పాప్, రాక్ తరహా. ఆర్కెస్ట్రాను ఈసారి లండన్ అబ్బే రోడ్ స్టూడియోలో రికార్డు చేశారు. ఖర్చు 5 లక్షల యూరోలు దాటింది, ఫిన్లాండ్‌లో అప్పటిదాకా అంత ఖరీదైన ఆల్బమ్ లేదు. ఫిన్లాండ్, జర్మనీ చార్టుల్లో మళ్లీ నంబర్ వన్. వ్యాపారపరంగా లెక్క సరిపోయింది.

స్టేజి మీద మాత్రం సరిపోలేదు. కొత్త పాటలు ఆనెట్ గొంతుకు తగ్గట్టు రాసినవి, అవి బాగానే నడిచాయి. పాతవి సోప్రానో కోసం రాసినవి. ‘వన్స్’ పాటల్లో పల్లవులు ఎక్కువగా పైస్థాయిలో నిలబడతాయి, వెనక ఆర్కెస్ట్రా ట్రాక్ స్థాయి ముందే రికార్డయి ఉంటుంది, ఇష్టమొచ్చినట్టు కిందికి దించడం కష్టం. మామూలు బ్యాండ్ అయితే గాయని సౌకర్యం కోసం గిటార్‌ను రెండు మెట్లు కిందికి శృతి చేసుకుంటుంది, ఇక్కడ ఆ వెసులుబాటు తక్కువ. అభిమానులు ఆనెట్‌ను తిట్టారు, అందులో అన్యాయం పాలు ఎక్కువ. ఆమె పోరాడింది ముందు గాయనితోనే కాదు, మారని ట్రాక్‌తో కూడా.

2012లో అమెరికా టూర్ మధ్యలో ఆమె వెళ్లిపోయింది, కొద్ది రోజుల్లోనే ఫ్లోర్ యాన్సెన్ వచ్చి మిగతా కచేరీలు పాడింది. ఆఫ్టర్ ఫరెవర్ అనే డచ్ బ్యాండ్‌లో సింఫనిక్ మెటల్ పాడుతూ పెరిగిన మనిషి, ఒపేరా తరహా, రాక్ తరహా, కేక, మూడూ పలికించగలదు. 2013 ఆగస్టులో జర్మనీలోని వాకెన్ ఉత్సవంలో ఆమె పాడిన ‘ఘోస్ట్ లవ్ స్కోర్’ వీడియోగా బయటికి వచ్చింది. పాట వింటూ అక్కడికక్కడే స్పందించే రియాక్షన్ వీడియోల కాలం వచ్చాక ఆ పాట మళ్లీ పుట్టింది. దానికి కారణం గొంతు ఒక్కటే అనుకోనక్కర్లేదు. పది నిమిషాల పాటలో ఆరేడు మలుపులు, మధ్యలో పెద్ద ఆర్కెస్ట్రా విరామం, చివర్లో ఉప్పెనలా పెరిగే పల్లవి. గాత్రం నేర్పే టీచర్ వీడియో ఆపి, రెండు ముక్కలు మాట్లాడి, మళ్లీ నడిపించడానికి ఇంతకంటే వీలైన పాట దొరకదు.

తార్యా, ఫ్లోర్ పాడిన తీరుల్లో తేడా వినడానికి ఆ చివరి భాగమే మంచి చోటు. ఆల్బమ్‌లో తార్యా గొంతు బృందగానం మధ్యలో కలిసి, గుండ్రంగా, ఆర్కెస్ట్రాలో ఇంకో వాయిద్యంలా నడుస్తుంది. వాకెన్‌లో ఫ్లోర్ అదే చోట ట్రాక్ పైకి ఎక్కి, ఆల్బమ్‌లో లేని మలుపులు వేసి, రాక్ గొంతుతో ముగిస్తుంది. ఆర్కెస్ట్రా రెండు చోట్లా ఒకటే, ‘వన్స్’ కోసం లండన్‌లో వాయించింది. ఏది మెరుగు అన్న గొడవ తెగేది కాదు గానీ, పాట రాసిన ఉద్దేశానికి తార్యా పాడింది దగ్గర, స్టేజి మీద మనిషిని కట్టిపడేసేది ఫ్లోర్ పాడింది అంటే ఇద్దరి అభిమానులూ కొంతవరకైనా ఒప్పుకుంటారు.

పెరిగిన ఆకలి

‘వన్స్’ నేర్పిన అలవాటు తర్వాత ఆల్బమ్ ఆల్బమ్‌కూ పెద్దదవుతూ పోయింది. ‘ఇమాజినేరమ్’ (2011) వెంట అదే పేరుతో ఒక సినిమా వచ్చింది. ‘ఎండ్‌లెస్ ఫార్మ్స్ మోస్ట్ బ్యూటిఫుల్’ (2015) చివర్లో జీవపరిణామం మీద 24 నిమిషాల పాట ఉంది, శాస్త్రవేత్త రిచర్డ్ డాకిన్స్ గొంతు అందులో వినిపిస్తుంది. 2020లో వచ్చిన ఆల్బమ్‌లో రెండో డిస్కు మొత్తం ఆర్కెస్ట్రా సంగీతమే, బ్యాండ్ దాదాపు లేదు. ‘ఘోస్ట్ లవ్ స్కోర్’ మధ్యలో బ్యాండ్ పక్కకు జరిగిన ఆ కొన్ని నిమిషాలు పదహారేళ్లకు ఒక పూర్తి డిస్కు అయ్యాయి.

మనుషులు మాత్రం మారుతూనే ఉన్నారు. డ్రమ్మర్ యుక్కా నెవలైనెన్ నిద్రలేమి వల్ల 2014లో పక్కకు తప్పుకున్నాడు, మార్కో హియెటలా 2021 జనవరిలో బయటికి వెళ్లాడు. ‘వన్స్’ వాయించిన ఐదుగురిలో ఇప్పుడు మిగిలింది హోలోపాయినెన్, వువొరినెన్ మాత్రమే.

2024 సెప్టెంబర్‌లో ‘యెస్టర్‌విండ్’ వచ్చింది, మళ్లీ పెద్ద ఆర్కెస్ట్రాతో, 12 పాటలతో. దానికి టూర్ ఉండదని బ్యాండ్ ఏడాది ముందే ప్రకటించింది. ‘వన్స్’ నుంచి నడుస్తున్న పద్ధతికి ఇది పూర్తిగా ఎదురు. ముందు ఆర్కెస్ట్రాకు భారీగా పెట్టడం, తర్వాత ఏడాదిన్నర పాటు ఊళ్లు తిరిగి టికెట్ల మీద, టీషర్టుల మీద రాబట్టుకోవడం అన్నది ఇన్నాళ్లూ లెక్క. ఆల్బమ్ అమ్మకాలు పడిపోయి, స్ట్రీమింగ్‌లో ఒక్కో వినికిడికి వచ్చేది పైసల్లో ఉన్న ఈ రోజుల్లో టూర్ తీసేస్తే మిగిలేది పాత ఆల్బమ్‌ల రాబడి, డిస్కులు, వినైల్ ఇంకా కొనే గట్టి అభిమానులు. నైట్‌విష్‌కు ఆ రెండూ ఉన్నాయి కాబట్టి ఇది చేయగలిగింది. కొత్తగా మొదలయ్యే సింఫనిక్ మెటల్ బ్యాండ్‌కు అవి ఉండవు, అందుకే చిన్న బ్యాండ్లు చాలా వరకు లండన్ వైపు చూడకుండా కంప్యూటర్‌లో దొరికే ఆర్కెస్ట్రా శాంపిల్స్‌తోనే, అంటే ముందే రికార్డు చేసి పెట్టిన వాయిద్య శబ్దాలతోనే ఆల్బమ్ ముగిస్తున్నాయి. 2002కు ముందు నైట్‌విష్ కీబోర్డ్ మీద చేసిన పనే అది, శాంపిల్ నాణ్యత మాత్రం అప్పటికంటే చాలా మెరుగు.